ఆకుల రంగుల ఏనుగు

వరప్రసాద్ ల్యాబ్‌కి ఇవ్వాల్సింది తన ఫ్యాక్టరీలో తయారైన బొమ్మ. ఇచ్చింది మాత్రం ఎయిర్‌పోర్టు షాపులో కొన్న బొమ్మ.

కొత్తూరులో ఆయనకి చెక్కబొమ్మల ఫ్యాక్టరీ ఉంది. జర్మనీ కంపెనీ ఒకటి పెద్ద ఆర్డరిస్తామంటూనే ఓ మెలిక పెట్టింది. బొమ్మల మీద వేసే రంగుపూతలో ప్రమాదకరమైన రసాయనాలు లేవని ల్యాబ్ రిపోర్టు కావాలట. ఆ పూతలో ఏముందో వరప్రసాద్‌కి తెలియంది కాదు. రంగు త్వరగా ఆరాలని చవక థిన్నర్ తెప్పించేది ఆయనే. పెయింటింగ్ షెడ్డులోకి వెళితే తలనొప్పి వస్తుందని అటు తొంగిచూడడం ఎప్పుడో మానేశాడు. ఏ బొమ్మ తయారవుతోందో, ఎటు వెళుతోందో అన్నీ మేనేజరే చూసుకునేవాడు. ఆ వైపున్న తన గది కిటికీకి మేకులు కొట్టించి ఏసీ పెట్టించుకున్నాడు.

ఇంటి దగ్గర మాత్రం మహా జాగ్రత్త. ఫ్యాక్టరీ బొమ్మ ఒక్కటి కూడా గడప దాటనిచ్చేవాడు కాదు. మనవరాలికి పళ్ళొస్తున్నాయి. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. అందుకే ఊరెళ్ళి వచ్చినప్పుడల్లా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఆ ఒక్క షాపులోనే కొనేవాడు. పచ్చటి అట్టపెట్టె, దాని మీద 'ఆకులు, పూల నుంచి తీసిన రంగులు' అన్న అక్షరాలు. మూత తీస్తే మల్లెపూల వాసన.

"ఖరీదెక్కువైతేనేం? పసిదాని నోట్లోకి వెళ్ళేది," అనేవాడు భార్య నాగమణితో.

ఈసారి చెన్నై నుంచి దిగుతూ ఏనుగుల జత కొన్నాడు. ఒకటి మనవరాలికిచ్చాడు. రెండోదాని పొట్ట కింద తన ఫ్యాక్టరీ స్టిక్కరు అంటించి శంషాబాద్‌లోని ల్యాబ్‌కి పంపాడు. ఇక ఆర్డరు చేతికొచ్చినట్టేనని ఆ వారమంతా హుషారుగా తిరిగాడు.

ల్యాబ్‌లో పరీక్షలు చేసే సునీల ఆయన్ని పిలిపించింది.

"మీ శాంపిల్ ఫెయిలైంది సార్. పూతలో టోలుయిన్ చాలా ఎక్కువగా ఉంది. చవక థిన్నర్‌లో ఉంటుంది చూడండి, అదే. పిల్లలు చప్పరిస్తే ఒంట్లోకి పోతుంది. నరాలకి మంచిది కాదు."

"అలా ఎలా అవుతుందమ్మా? ఆకుల రంగులు కదా అవి. మళ్ళీ చేసి చూడండి."

"మళ్ళీ కూడా చేశాం సార్. వాసన తెలియకుండా పైన సెంటు కూడా కొట్టారు."

వరప్రసాద్‌కి ఆర్డరు గుర్తుకే రాలేదు. కారు ఎంత వేగంగా నడిపాడో ఆయనకే తెలియదు. ఇంటికెళ్ళేసరికి పాప హాల్లో కూర్చుని ఏనుగు తొండం చప్పరిస్తోంది. తొండం చివర రంగు పోయి చెక్క బయటపడింది. బొమ్మ లాగేసుకున్నాడు. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ బుల్లి నాలుక మీద ఎర్రమరక చూసి, పాపని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

డాక్టరు పరీక్ష చేసి, ప్రస్తుతానికి భయం లేదనీ, ఆ బొమ్మలు మళ్ళీ ఇవ్వొద్దనీ చెప్పాడు. భయం తగ్గాక వరప్రసాద్‌కి కోపం మొదలైంది.

"పసిపిల్లలకి విషం అమ్ముతారా? వీళ్ళ ఇళ్ళల్లో పిల్లలుండరా నాగమణీ?"

నాగమణి పాపని లోపలికి తీసుకెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. ఎస్సై శంకరయ్య రిపోర్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిండ్ల మీ ఫ్యాక్టరీ పేరే ఉన్నది గద సార్?"

"మా స్టాఫు పొరపాటున షాపు బొమ్మకి మా స్టిక్కరు అంటించారండి. బొమ్మ మాది కానే కాదు. కావాలంటే అలాగే రాసి సంతకం పెడతాను," అన్నాడు వరప్రసాద్ తడుముకోకుండా. అలాగే రాసి సంతకం పెట్టాడు కూడా.

బయట టీవీ వాళ్ళు మైకు పెడితే గొంతు పెంచి మాట్లాడాడు. షాపువాణ్ణి పట్టుకుంటే చాలదనీ, ఈ బొమ్మలు తయారుచేసినవాణ్ణి లోపలేయాలనీ, బెయిలు కూడా ఇవ్వకూడదనీ అన్నాడు. మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళలో నటన లేదు.

షాపువాళ్ళు తుక్కుగూడలోని ఓ గోడౌన్ పేరు చెప్పారు. ఎస్సై వెంట వరప్రసాద్ కూడా బయల్దేరాడు. జీపు పాతదని ఆయన కారులోనే వెళ్ళారు.

గోడౌన్ నిండా పచ్చటి పెట్టెలు. ఓ మూల ఆడవాళ్ళు కూర్చుని బొమ్మల మీద సెంటు కొడుతున్నారు. గోడౌన్ యజమాని ఐలయ్య ఖాకీ బట్టలు చూడగానే చేతులు జోడించాడు.

"నేను తయారు చేసేటోణ్ణి కాదు సార్. రంగు సక్కగ అంటని మాలు ఓ ఫ్యాక్టరీల అగ్గువకు ఇస్తరు. జర సెంటు కొట్టి గీ డబ్బాలల్ల పెడుతున్న, గంతే."

"ఏ ఫ్యాక్టరీ?" అన్నాడు ఎస్సై.

ఐలయ్య నేల చూపులు చూశాడు. "పెద్దోళ్ళు సార్. పేరు చెప్తే నన్ను పరేషాన్ చేస్తరు."

వరప్రసాద్ ముందుకొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"భయపడకయ్యా. వాడు ఎంత పెద్దవాడైనా సరే, నీకు నేనున్నాను. మా పాప నోట్లో విషం పెట్టినవాడు వాడు. పేరు చెప్పు, ఎస్సైగారు రాసుకుంటారు."

ఆ మాటతో ఐలయ్యకి ధైర్యమొచ్చింది.

"నేనెన్నడు మొఖం సూడలె సార్, మాలంత మేనేజరే ఎక్కిస్తడు. ఓనరు కొత్తూరు వరప్రసాద్ అంట."