రవ్వంత ప్రమాదం కూడా లేదు

"ఆనకట్ట దిట్టంగా ఉంది, ప్రజలు నిశ్చింతగా ఇళ్ళలోనే ఉండవచ్చు. ఇంతే. చదివేసి రా," అంటూ మేయర్ హరలాంపియెవ్ కాగితాన్ని బల్ల మీదుగా తోశాడు.

జోర్నిత్స దాన్ని ముట్టుకోలేదు. ఆమె కామెన్ బ్రోద్ పురపాలక సంఘానికి అధికార ప్రతినిధి. అంటే మేయర్ అనుకున్నది ఊరికి చెప్పడం, ఊరు అనుకుంటున్నది మేయర్‌కి చెప్పకపోవడం ఆమె పని. కానీ పొద్దున ఆనకట్ట దగ్గరనుంచి ఇంజినీరు ఫోన్ చేస్తే ఎత్తింది ఆమే. పగుల్లో చెయ్యి దూరుతోందని, సాయంత్రం దాకా నిలిస్తే గొప్పేనని అతను ఏడుపు గొంతుతో చెప్పాడు.

"ఊరు ఖాళీ చేయించాలండీ," అంది.

"ఆదివారం ఓట్లు. ఆనకట్ట బాగు చేయించామని పోయిన నెల టీవీలో చెప్పిందెవరు? నువ్వేగా. ఇప్పుడు కాదంటే పరువు పోయేది నీదే, తల్లీ."

ఈలోగా ఎవరికైనా ఊదేస్తుందేమోనని ఆమె ఫోను తీసి తన కోటు జేబులో వేసుకున్నాడు. చదివాక ఇస్తానన్నాడు.

సభామందిరంలో పెంచో కెమెరా సర్దుతున్నాడు. ఊరి కేబుల్ చానెల్‌కి కెమెరామనూ, విలేఖరీ, డ్రైవరూ అన్నీ అతనే. అతను కాలర్‌కి మైకు తగిలిస్తుంటే జోర్నిత్స ఓ నిశ్చయానికి వచ్చింది. ఉద్యోగం పోతే పోయింది.

"పెంచో, ఈసారి నిజం చెప్పబోతున్నా. ఎవరేమన్నా మధ్యలో ఆపకు," అని గొణిగింది.

"చెప్పు వదినా, నాదేం పోయింది. చలికాలంలోనూ నిజమే చెప్పావుగా, కుళాయిలు రావని. ఊళ్ళో ఒక్కరైనా బకెట్ నింపారా? మా అమ్మయితే ఆవేళే దుప్పట్లన్నీ సబ్బులో నానేసింది."

అతనన్నది అక్షరాలా నిజం. రోడ్ల మీద మంచు తీయించేశామని ఆమె చెబితే జనం టైర్లకు గొలుసులు కట్టుకుంటారు. బడి పైకప్పు గట్టిగా ఉందని చెబితే పిల్లల్ని ఇంట్లో ఉంచుకుంటారు. ఇప్పుడు పారిపొమ్మంటే ఏమనుకుంటారు? నదివైపు స్థలాల మీద ఎవడో కన్నేశాడు, కదిలితే ఇల్లు పోతుందనుకుని గడియ పెట్టుకుని కూర్చుంటారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమెకు మిగిలింది ఇదీ: నిజం చెప్పి ఒక్క ప్రాణాన్ని కూడా కాపాడలేని నోరు.

"ఇంట్లోనూ ఇంతేనా వదినా?" పెంచో నవ్వాడు. "పులుసు బాగుందంటే ల్యూబెన్ అన్న ఎండు రొట్టె తిని పడుకుంటాడా?"

"మా ఆయనతో ఒక్క అబద్ధమూ ఆడను. నా కోటా అంతా ఇక్కడే అయిపోతుంది," అంది పరధ్యానంగా.

ఎర్రలైటు వెలిగింది. ముందు వరసలో మేయర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఒకసారి కాగితం వంక చూసి, దాన్ని పక్కన పెట్టి, కెమెరాలోకి సూటిగా చూసింది.

"ఆనకట్టకు రవ్వంత ప్రమాదం కూడా లేదు. పిల్లల్నీ, పెద్దవాళ్ళనీ మెట్ట మీదికి తరలించాల్సిన అవసరం ఎంతమాత్రమూ లేదు. ముఖ్యంగా నదివైపు వీధులవారు ఈ క్షణాన సామాను సర్దుకోవాల్సిన పని అసలే లేదు."

మనసుపెట్టి అబద్ధమాడడం ఆమెకు అదే మొదలు. మేయర్ ఆనందం పట్టలేకపోయాడు. కాగితంలో ఉన్నదానికంటే బాగా చెప్పావని భుజం తట్టి, వెనక తలుపు గుండా వెళ్ళి కారెక్కాడు. కారు మెట్ట వైపే వెళ్ళింది, ఆమె ఫోనుతో సహా.

ఆమె మెట్లు దిగి బయటికి వచ్చేసరికి ఊరు ఊరంతా వీధిలో ఉంది. పరుపులు, కోళ్ళు, కాల్చిన మిరప పచ్చడి సీసాలు, గోడ గడియారాలు, మంచంతో సహా ఓ ముసలావిడ, అన్నీ మెట్టకేసి కదులుతున్నాయి. ఎవరో ఆమెనీ చెయ్యి పట్టి ఓ ట్రాక్టరు ఎక్కించారు. అందులో అందరూ నదివైపున్న తమ వీధి వాళ్ళే. పక్కింటి స్తాంక ఒళ్ళో కోడిపెట్టతో కూర్చుని ఉంది. అయితే వీధంతా కదిలిందన్నమాట. జోర్నిత్స గుండె కుదుటపడింది.

మెట్ట మీది చిన్న చర్చి ముందు వాళ్ళు బండి దిగుతుండగానే కొండల్లో ఏదో పెళపెళమంది. అందరూ చూస్తుండగానే బురదనీరు వచ్చి వంతెనను ఎత్తుకుపోయింది. ఆ వెనక నదివైపు ఇళ్ళ కిటికీలు మునిగాయి, తర్వాత కప్పులు మునిగాయి. ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు.

ముందుగా స్తాంకే తేరుకుని జోర్నిత్స చెయ్యి పట్టుకుంది.

"నువ్వు 'రవ్వంత' అన్నప్పుడే పరుపు చుట్టేశాం. 'అసలే లేదు' అనేసరికి పందిని కూడా బండెక్కించాం. దేవుడి నోరమ్మా నీది."

చుట్టూ నవ్వులు లేచాయి. ఆ రోజు మొట్టమొదటిసారిగా జోర్నిత్స కూడా నవ్వింది. నవ్వుతూనే జనంలోకి చూపు సారించి, మా ఆయన ఏ బండిలో వచ్చాడని అడిగింది.

కోడిపెట్టను నిమురుతున్న స్తాంక చెయ్యి ఆగిపోయింది.

"తలుపు బాది మరీ పిలిచామమ్మా. టీవీ ముందునుంచి లేవనే లేదు. 'మీరెళ్ళండి, నా భార్య నాతో ఎన్నడూ అబద్ధమాడలేదు' అన్నాడు."