కప్పకళ్ల కారు

"లే అక్కా, బస్సు వెళ్ళిపోతుంది" అన్నాడు తమ్ముడు, బ్యాగు భుజాన తగిలించుకుని.

"ఈ ఒక్క సీటూ కుట్టేసి లేస్తాను."

"పొద్దుటి నుంచీ అదే మాట."

కార్లకు సీటు కవర్లు కుడుతుంది కనక వీధిలో అందరికీ ఆమె సీట్లక్కే. కాళ్లు మిషన్ తొక్కుతూనే ఉన్నాయి. సూదిలో దారం ఎప్పుడో తెగిపోయింది. అది ఆమె చూసుకోలేదు.

పొద్దున్నే కార్ల కంపెనీ నుంచి ఫోనొచ్చింది. కొత్తగా రాబోయే స్పోర్ట్స్ కారును కొండదారుల్లో నడిపి పరీక్షించే డ్రైవర్లలో ఆమె కొడుకొకడు. నిన్న సాయంత్రం ఒక కారు లోయలో పడి కాలిపోయిందట. డ్రైవర్లు వాళ్లలో వాళ్లు వంతులు మార్చుకుంటారు, మిగతా కార్లు ఇంకా కొండ దిగలేదు కనక పోయిందెవరో తేలడం లేదట. ఇంటిమనిషి ఒకరొచ్చి చూసి చెప్పాలట.

"డ్యూటీలో ఉంటే ఫోన్లు లాగేసుకుంటార్రా. అందుకే వాడు ఫోన్ చెయ్యలేదు. అంతే" అంది ఆమె.

తమ్ముడు బ్యాగు పట్టీ సర్దుకున్నాడు.

అంతలో గుమ్మంలో కేకలు.

"ఓడిపోయాడక్కా! బల్బుగాడు ఓడిపోయాడు!"

రంగుల మేస్త్రి ఫోను గాల్లో ఊపుకుంటూ లోపలికి దూసుకొచ్చాడు. పక్క షెడ్డులో కార్లకు రంగులెయ్యడం, కంప్యూటర్లో బొమ్మలు గీసి స్టిక్కర్లు అంటించడం అతని పని. వెనకాలే, కార్లలో వైరింగు చేసే బల్బు, మొహం మాడ్చుకుని.

ఇద్దరికీ ఆ కొత్త మోడల్ అంటే పిచ్చి. బిడ్డ పుట్టకముందే జాతకం రాసేసే రకం. కంపెనీవాళ్లు ఆ కారుకు ఒళ్లంతా చారల స్టిక్కర్లు కప్పి తిప్పుతారు. ఎవరో పొదల్లో నక్కి ఫోటోలు తీసి ఫోన్లలో వదుల్తారు. వాటికోసం వీళ్లిద్దరూ కొంగల్లా కాచుక్కూచుంటారు. ముందు దీపాలు పాత మోడల్లోలాగే కప్పకళ్లలా గుండ్రంగా ఉంటాయని మేస్త్రి, కాదు, నిద్రమత్తు కళ్లలా సన్నగా ఉంటాయని బల్బు. ఓడినవాడు మీసం తీసెయ్యాలి.

"చూడక్కా, కప్పకళ్లే!"

"పొద్దుటి నుంచీ దీంతో చంపుతున్నాడక్కా" అన్నాడు బల్బు. "పెళ్లాం మొహం కూడా ఇంత దగ్గర్నుంచి చూసుండడు."

"చూశాను కనకేరా కారు మొహం చూసుకుంటున్నాను."

ఎవరూ నవ్వకపోయేసరికి ఇద్దరూ ఆగారు. సీట్లక్క చెయ్యి చాపింది. మేస్త్రి ఫోను ఆ చేతిలో పెట్టాడు.

ఆమె దీపాల వంక చూడలేదు. ఏనాడూ చూడలేదు. కొడుకు ఎక్కడున్నాడో కంపెనీ చెప్పనివ్వదు. ఈ దొంగ ఫోటోల్లోనే ఆమెకు వాడి క్షేమం తెలిసేది. సీట్లకు కత్తిరించగా మిగిలిన తోలుముక్కలతో వాడికి చేతొడుగులు కుట్టి ఇచ్చింది. బొటనవేలి దగ్గర ఎర్రదారం.

ఫోటోలో కారు ముందు అద్దం మీద వేళ్లు పెట్టి బొమ్మను పెద్దది చేసింది. స్టీరింగ్ మీద చెయ్యి. ఆ చేతిమీద సన్నటి ఎర్రగీత.

"ఇదెప్పటిది మేస్త్రీ?"

"ఇవాళ పొద్దున తీసిందే అక్కా! ఇంకా వేడి కూడా చల్లారలేదు" అన్నాడు మేస్త్రి మీసం దువ్వుకుంటూ.

"పొద్దున తీసిందా? ఇవాళ పొద్దున?" ఆమె మిషన్ ముందు నుంచి లేచింది. "ఒరే తమ్ముడూ, ఇటు రారా! ఇది నా కుట్టు కాదూ? వాడి చెయ్యి కాదూ?"

తమ్ముడు వంగి చూశాడు. బ్యాగు భుజం మీంచి జారి కిందపడింది.

"వాడే అక్కా! వాడే!"

"ఏమైందక్కా?" అన్నాడు బల్బు కంగారుగా.

తమ్ముడు కంపెనీ ఫోను సంగతి చెప్పాడు. లోయ, మంటలు, చూసి చెప్పమనడం. బల్బు కళ్లు తుడుచుకున్నాడు.

"ఓడిపోయి ఇంత సంతోషపడటం నా జన్మలో ఇదే మొదలక్కా. మీసమేం ఖర్మ, కనుబొమలు కూడా తీసేసుకోమను!"

సీట్లక్క నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఉన్నట్టుండి గంభీరంగా అయిపోయింది.

"పాపం, పోయినవాడు ఏ తల్లి బిడ్డో. తమ్ముడూ, వాళ్లకి ఫోన్ చెయ్యి. వాడు మావాడు కాడు, మేం రావడం లేదని చెప్పు. ఆ తల్లెవరో ఆవిడకి కబురు పంపమను. బిడ్డని అలా దిక్కులేకుండా ఎంతసేపు ఉంచుతారు?"

తమ్ముడు జేబులోంచి ఫోను తీశాడు. ఆమె కింద కూచుని బ్యాగు జిప్పు లాగింది. మడత విప్పని కొత్త తెల్లదుప్పటి ఒకటి బయటికి తీసింది.

"నా చేత్తో నేనే పెట్టాను చూడు దీన్ని. కప్పాల్సొస్తుందేమోనని. ఏం తల్లినిరా నేను!"

మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మీసం మీది చెయ్యి ఎప్పుడో జారిపోయింది.

"అదేమిటి మేస్త్రీ, గెలిచింది నువ్వు కదా. అలా అయిపోయావేం?" అందామె దుప్పటి పక్కన పెడుతూ.

మేస్త్రి ముందు తమ్ముడి చేతిలో ఫోను పట్టుకుని ఆపాడు. తర్వాత నేలమీద ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు.

"దుప్పటి మళ్లీ బ్యాగులో పెట్టెయ్యక్కా... ఆ ఫోటో నిరుడు సెలవుకొచ్చినప్పుడు మీ అబ్బాయే నాకిచ్చాడు, ఎవరికీ చూపించొద్దని. పందెం గెలవడానికి దీపాలొక్కటే నేను గీశాను."