కాగితంలో ఉన్నదే

"దించు! ముందు ఆ అట్ట కిందికి దించు!" అని మేనేజరు అరిచాడు.

అట్ట పట్టుకున్న మనిషి దించలేదు. మాల్ కిందంతస్తు హాల్లో, ఎస్కలేటర్‌కి ఎదురుగా, అట్టని రెండు చేతులతో గుండెలకి ఆనించుకుని నిలబడ్డాడు. దాని మీద లావుపాటి అక్షరాలు: "మూడో అంతస్తు కుట్టు గదిలో ఎమర్జెన్సీ తలుపుకి తాళం తీయండి. నా భార్యతో కలిపి నలభై మంది అక్కడ పనిచేస్తున్నారు."

పక్కనే గాజు గదిలో కూర్చున్న మైకమ్మకి ఇదంతా కనపడుతూనే ఉంది. ఆవిడ అసలు పేరు ఏమిటో మాల్లో ఎవరికీ తెలీదు. పదకొండేళ్ళుగా మైకులో ప్రకటనలు చదివీ చదివీ మైకమ్మ అయిపోయింది. గొంతు తేనె. మనసంటారా, అది ఎప్పుడో మొద్దుబారింది. తప్పిపోయిన పసిదాని కబురైనా, చెప్పుల మీద తగ్గింపైనా ఆవిడకి ఒకటే. బల్ల మీదకి కాగితం రావాలి, ఆవిడ చదవాలి, అంతే. పోయిన వారం కుట్టు గదిలో పొగ కమ్మి, లోపలి ఆడవాళ్ళు ఆ తలుపు బాదుతున్నారని సెక్యూరిటీ తాత రొప్పుకుంటూ వచ్చి చెప్పాడు. "నాకు కాగితం రాలేదు కదా" అంది మైకమ్మ. అని, "ఒకటి కొంటే ఒకటి ఉచితం" చదివింది. పొగ దానంతటదే తగ్గింది కాబట్టి సరిపోయింది.

మేనేజరు గాజు గదిలోకి దూసుకొచ్చి ఒక కాగితం పడేశాడు. మైకమ్మ మీట నొక్కి చదివింది.

"ప్రియమైన కస్టమర్లకు మనవి. ఇది ప్రైవేటు స్థలం. ఇక్కడ నినాదాలు, బోర్డులు, నిరసనలు నిషేధం. దయచేసి సహకరించండి."

"నేనెక్కడ నినాదాలు చేశానండీ? అసలు నోరే తెరవలేదే" అన్నాడు అట్ట మనిషి.

"తెరవక్కర్లేదు. ఇది మా స్థలం. మాట్లాడే హక్కు, వంకాయ హక్కు అంటావేమో, గేటు బయట రోడ్డుంది. అక్కడికి పోయి గొంతు చించుకో."

"తలుపు లోపలుంది కదండీ. బయట గొంతు చించుకుంటే ఎవరికి వినపడుతుంది?"

"ఎవరికీ వినపడకూడదనేగా!" అనేసి మేనేజరు నాలిక కరుచుకున్నాడు.

సెక్యూరిటీ తాత అట్ట మనిషి భుజం మీద చెయ్యి వేశాడు. ఈడ్చేయమని హుకుం. ఈడ్చడానికి ఆయనకి ఓపికా లేదు, మనసూ లేదు.

"నీకు దణ్ణం పెడతాను, వెళ్ళిపో నాయనా. నువ్వు కదలకపోతే నా ఉద్యోగం కదిలిపోతుంది."

"పెద్దవారు, మీరు నాకు దణ్ణం పెట్టడమేంటి బాబాయ్? వెళ్తాలెండి. మా ఆవిడ పైనుంది. కాస్త కనిపెట్టుకుని ఉండండి" అన్నాడు అతను. అట్ట చంకలో పెట్టుకుని, వెనక్కి తిరిగి చూసుకుంటూ గేటు దాటాడు.

ఆ మాట విన్నాక మైకమ్మ తలెత్తి మూడో అంతస్తు వైపు చూసింది.

మనిషి వెళ్ళాడు గానీ మాట వెళ్ళలేదు. హాల్లో జనం గుంపులు గుంపులుగా గుసగుసలాడుతున్నారు. "నిజంగా తాళం వేశారంటావా?" అని ఒకావిడ. "వేసే ఉంటారు, వీళ్ళు ఎంతకైనా తగుదురు" అని వాళ్ళాయన. కొందరు కొనడం ఆపి బయటికి నడుస్తున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మేనేజరు చెమటలు తుడుచుకుంటూ అప్పటికప్పుడు తన చేత్తోనే ఇంకో కాగితం గిలికి తెచ్చాడు.

"ఇది చదువు. తొందరగా."

మైకమ్మ కాగితం చూసింది. ఎప్పుడూ లేనిది, చదవకముందే నోరు తెరిచింది.

"తాళం తీశారా సార్?"

"తీస్తే సరుకంతా ఆ దారినే దాటించేస్తారు. అయినా అదంతా నీకెందుకు? కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదవడం నీ పని."

"పైన నలభై మంది ఉన్నారు సార్."

"గేటు బయట ఒకడున్నాడు. వాడి పక్కన నిలబడతావా?"

"లేదు సార్."

"మరి చదువు."

మేనేజరు బయటికెళ్ళి గాజుకి అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మైకమ్మ మీట నొక్కింది.

"ప్రియమైన కస్టమర్లకు మనవి. మా మాల్లో ఎమర్జెన్సీ తలుపులకి తాళాలు వేశామన్నది వట్టి పుకారు. అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. మీ క్షేమమే మా బాధ్యత."

మేనేజరు భేష్ అన్నట్టు తలూపాడు. కాగితం అక్కడితో అయిపోయింది.

మైకమ్మ మీట మీంచి వేలు తీయలేదు. భయమేసింది ఆవిడకి, చాలా ఏళ్ళ తర్వాత. గొంతు మాత్రం అదే తేనె.

"అనుమానం ఉన్నవారు దయచేసి ఇప్పుడే మూడో అంతస్తుకి వెళ్ళి, కుట్టు గదిలోని తలుపు స్వయంగా తోసి చూసుకోగలరు. ధన్యవాదాలు."

హాల్లో జనం మొత్తం ఒక్కసారిగా ఎస్కలేటర్ వైపు తిరిగారు. వాళ్ళని రెండు మోచేతులతో తోసుకుంటూ, "తలుపు తెరిచే ఉందండీ, తెరిచే ఉంది!" అని అరుస్తూ, తాళంచెవుల గుత్తి చేత పట్టుకుని అందరికంటే ముందు పైకి పరిగెత్తాడు మేనేజరు.