చుక్కి పేర్చిన పుల్లలు

చుక్కి అనే ఆడకోయిల తుమ్మచెట్టు మీది ఒక కాకి గూట్లో పుట్టి పెరిగింది. అది తొలిసారి గొంతు విప్పిన నాడే, తన పిల్ల కాదని తెలిసి, తల్లి కాకి పొడిచి తరిమేసింది.

ఇప్పుడు చుక్కికి గుడ్లు పెట్టే వేళయింది. తిరిగి తిరిగి ఆ తుమ్మచెట్టుకే వచ్చి, తల్లి గూటికి ఎదురు కొమ్మ మీద పుల్లలు పేర్చసాగింది. పేర్చినవి పేర్చినట్టే జారిపోతున్నాయి.

"ఎందుకే ఈ యాతన?" అంది చెట్టుకి పెద్దరికం చేసే ముసలి గోరింక. "మీది పరాయి గూట్లో దొంగచాటుగా గుడ్లు పెట్టే జాతి. నిన్ను కన్నది దొంగ, దాన్ని కన్నదీ దొంగే. నెత్తుట్లో ఉన్నది ఎక్కడికి పోతుంది?"

చెట్టంతా కిచకిచా నవ్వింది. చుక్కి ఒకప్పుడు తను వెచ్చగా పడుకున్న ఆ గూటి వంక ఆశగా చూసి, కిందికి దిగి, పడిపోయిన పుల్లనే మళ్ళీ తెచ్చింది.

చూసి చూసి తల్లి కాకి ఎగిరొచ్చి పక్కన వాలింది. పొడుస్తుందేమోనని చుక్కి తల వంచుకుంది. కాకి దాని ముక్కులోని పుల్ల అందుకుంది.

"కొమ్మ మీద నిలవదే పిచ్చిదానా, కొమ్మలు చీలే పంగలో పెట్టాలి" అంది. ఆ పుల్లని పంగలో గుచ్చి, "నేర్పకుండానే తరిమేశాను కదూ" అంది.