పంతొమ్మిది టిక్కులు

“ఇరవైకి ఒక్కటి తగ్గినా నేను ఓడినట్టే తాతా. ఇగ కండ్ల మాట ఎత్తను. ఇరవై అయితే మాత్రం రేపు పొద్దుగాల వనపర్తి కంటి క్యాంపుకు నువ్వు రావాలె.”

మగ్గం గుంటలో కూర్చున్న నాగప్ప పకపకా నవ్వాడు. “ఒక్క ఇంగ్లీషు ముక్కకు ఇరవై అర్థాలా? సెట్ అంటే సెట్టే. గంతే. కాయ్ పందెం!”

గడప పక్కన రాట్నం మీద నూలు కండెలు చుడుతున్న ఆయన భార్య రామేశ్వరమ్మ చెయ్యి ఆగింది. కళ్ళు చూపించుకొమ్మని మూడు నెలలుగా ఆమె బతిమాలుతూనే ఉంది. “నా కండ్లకేమైందే? డేగ కండ్లు!” అన్నదొక్కటే ఆయన జవాబు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. డాక్టరు కత్తంటే ఆయనకు భయమని ఆమెకు తెలుసు. ఆ మాట ఆయన నోటితో అనిపించడం బ్రహ్మతరం కూడా కాదు. కాకపోతే ఒక్కటి, ఆడిన మాట తప్పడు. అందుకే మనవరాలు శ్రీజ కాసిన పందెం మీద ఆమెకు ఆశ పుట్టింది.

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండింటినీ పోగు పోగుకూ కలుపుతూ నేయాలి గనక మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నలభై ఏళ్ళుగా అంచు వైపు కూర్చునేది రామేశ్వరమ్మే. కాబట్టి ఆయన కళ్ళ సంగతి ఆయన కంటే ఆమెకే బాగా తెలుసు. ఆయనకు కనిపించని తెగిన పోగును చప్పుడు చేయకుండా ముడేసేది. మొన్న ఎర్ర కండె అనుకుని వంకాయ రంగు కండె అందుకుంటే, దగ్గు నటించి చేతిలోంచి మార్చేసింది. ఆయన పరువు కాపాడబోయి ఆయన మొండితనాన్ని తానే మేపుతున్నానని ఈ మధ్య ఆమెకు దిగులు పట్టుకుంది. ఇంకో ఏడాది ఇట్లాగే గడిస్తే చూపూ పోతుంది, మగ్గమూ పోతుంది. మగ్గం లేని నాగప్పను ఊహించుకోవడం ఆమె వల్ల కాలేదు.

“మరి దిద్దేదెవరు?” అన్నాడు నాగప్ప.

“నువ్వే. ఏడో తరగతి ఫస్టున పాసైన అంటవు గద,” ఇంటర్ చదివే శ్రీజ ఒక కాగితమూ పెన్నూ తాత చేతిలో పెట్టింది. “కాలేజీల సార్ రాసుకురమ్మన్నడు. నీ కోసం తెలుగుల రాసిన. నేను నోట్‌బుక్కుల చూసి చదువుత. నువ్వు దాంట్ల చూసి, సరిగున్నదానికి టిక్కు పెట్టు. కనపడకుంటే ఇప్పుడే చెప్పు తాతా.”

నాగప్ప కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టాడు. “కనపడకేంది? రాత ముత్యాల్లెక్క ఉంది. చదువు.”

“ఒకటి, టీ కప్పుల సెట్టు. రెండు, సినిమా సెట్టు. మూడు, పంపుసెట్టు. నాలుగు, రాయచూరు పోయినప్పుడు తిన్నవ్ గద, సెట్ దోశ.”

“అది మంచిగుండె,” నాగప్ప లొట్టలేసి టిక్కు పెట్టాడు.

“అయిదు, సంబంధం సెట్టయింది. ఆరు, పెరుగు తోడుకునుడు.”

“పెరుగు కూడానా?”

“పెరుగు, సిమెంటు రెండూ సెట్ అయితయ్ తాతా. ఏడు, పొద్దు గూకుడు. ఎనిమిది, విరిగిన చెయ్యి బొక్కను సరిచేసుడు. తొమ్మిది, ఉంగరంల రాయి పొదుగుడు. పది, అలారం పెట్టుడు.”

“ఇంగ్లీషోళ్ళకు మాటల కరువున్నట్టుంది. పాపం, ఒక్కదాంతోనే సంసారం నడుపుకుంటుండ్రు,” అంటూ నాగప్ప టిక్కులు పెడుతూనే ఉన్నాడు. “పదకొండోది జర ఇరికిచ్చి రాసినవేంది బిడ్డా? కాగితం కాడ పిసినారితనం వద్దు.”

శ్రీజ పెదవి కొరుక్కుంది. “ఇగ ఇరికియ్య తాతా. పదకొండు, వాలీబాల్ ఆటల సెట్టు…”

ఉచ్చు పన్నడం, నిప్పంటించడం, ప్రయాణం కట్టడం, ప్రశ్నాపత్రం తయారుచేయడం, లెక్కల్లో వచ్చే సెట్టు, ఎంట్రన్సుల సెట్టు, జుట్టు సెట్టు… పద్దెనిమిది దాటేసరికి రామేశ్వరమ్మ కూడా వేళ్ళ మీద లెక్కపెట్టసాగింది. పంతొమ్మిదోది టీవీ సెట్టు. దానికీ టిక్కు పడింది.

“ఇరవై, స్టీలు డబ్బాల సెట్టు!”

నాగప్ప పెన్ను గాల్లో ఆగింది. కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని పైకీ కిందికీ చూశాడు. “ఆగు ఆగు. పైన ఒకటోది ఏం రాసినవ్? టీ కప్పుల సెట్టు. డబ్బాల సెట్టు, కప్పుల సెట్టు వేరే వేరేనా? అర్థం ఒక్కటే. కొట్టేస్తున్న!”

“గట్లెట్ల కొట్టేస్తవయ్యా? కప్పులేంది, డబ్బాలేంది!” రామేశ్వరమ్మ ఉండబట్టలేక అరిచింది.

“నడుమ నువ్వు రాకు. కాగితం నా చేతిల ఉంది, నేను చూస్తున్న. పంతొమ్మిదే. క్యాంపు లేదు, గీంపు లేదు!”

రామేశ్వరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. చుట్టిన కండెను బుట్టలోకి విసిరేసింది. శ్రీజ మాత్రం ఓడిన పిల్లలా లేదు. తాత చేతిలోంచి కాగితం తీసుకొచ్చి రామేశ్వరమ్మ ఒళ్ళో పెట్టింది.

“ఓడిన అవ్వా. జర నువ్వు కూడా చూడు.”

రామేశ్వరమ్మ చూసింది. తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంటూ అడిగింది.

“వనపర్తికి ఫస్టు బస్సు ఎన్నింటికే?”

“గెలిచింది నేనైతే బస్సెందుకే?” అన్నాడు నాగప్ప.

ఆమె లేచి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

కాగితం మీద ఆయన పెట్టిన టిక్కులు తప్ప ఒక్క అక్షరం కూడా లేదు.