రెక్కల పురుగుల కావలి

“ఇయ్యాల ఒక్క రాత్రన్న ఇంట్ల పండుకో బావా. తోటకు నేను పోత,” అన్నాడు రవీందర్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

శ్రీశైలం టార్చిలైటు వెలిగించి ఆర్పి చూసుకున్నాడు. “నువ్వా? ఇది సాంచ మగ్గం మీద దారం అతుకుడు గాదు బామ్మర్ది. గా రెక్కల పురుగులు పొద్దుగూకినంక అస్తయి. సప్పుడు జెయ్యవు. పండిన బత్తాయి మీద వాలి, సూదసొంటి మూతితోని పొడిచి రసం పీలుస్తయి. పొక్క కండ్లకు గూడ కనవడది. ఆ ఎనుక కాయ కుళ్లి రాలుతది.”

“మందు కొట్టరాదు?”

“పొద్దంత తోటల ఉండనే ఉండవు. మందు ఎవ్వలకు కొడ్తవ్? రాత్రి టార్చి ఏస్తె కండ్లు నిప్పుకల లెక్క మెరుస్తయి. గప్పుడే పట్టి గీ డబ్బల ఎయ్యాలె.”

“పోనీ, నేను గూడ అస్త.”

“వద్దు. ఇద్దరి సప్పుడుకు లేచిపోతయి.”

కిరసనాయిలు నీళ్ల డబ్బా పట్టుకొని, అన్నం తింటున్న కూతురు సింధూజ వైపైనా చూడకుండా వెళ్లిపోయాడు.

రవీందర్‌కు ఒళ్లు మండింది. చెల్లెలు సంగీత ఫోన్లో ఏడిస్తే, సిరిసిల్లలో మరమగ్గాలు ఆపేసి మల్లాపూర్‌కు పరుగెత్తుకొచ్చాడు. ఏళ్ల తరబడి మస్కట్‌లో నైట్‌డ్యూటీలు చేసి ఎండాకాలంలో ఇల్లు చేరిన మనిషి, ఇకనైనా పెళ్లాంబిడ్డలతో నాలుగు మాటలాడుతూ ఉంటాడనుకుంటే, ఈ మాయదారి పురుగులొచ్చి పడ్డాయి! రాత్రంతా తోట, పగలంతా నిద్ర. ఎట్లాగైనా ఆయన్ని రాత్రిపూట ఇంటిపట్టున ఉండేలా చెయ్యమని సంగీత బతిమాలింది. రవీందర్‌కేమో సేద్యం ముక్క తెలియదాయె.

తెల్లారి శ్రీశైలం వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా కిటికీలు మూసుకుని పడుకున్నాడు. రవీందర్ డబ్బాలోకి తొంగిచూశాడు. ఒక్క పురుగూ లేదు.

“చెల్లె, తోటల పొగ పెట్టి సూసిన్రా?”

“పెట్టినం.” సంగీత తలెత్తకుండా చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“కాయలకు సంచులు?”

“కట్టినమన్నా. కంచె మీది తిప్పతీగ గూడ పీకినం. దాని పిల్లపురుగులు గా ఆకే తింటయట.”

“మరింకేంది? ఒక్కటి గూడ దొరకలేదంటె పురుగు తగ్గినట్టే గద! నువ్వు గట్టిగ అడుగరాదానే?”

“అడిగిన. రాత్రి ఇంట్ల నిద్ర వడ్తలేదంటడు.”

“పురుగుల ఫికరున్నోనికి నిద్రెట్ల వడ్తది?”

సంగీత లోపలి గది తలుపు వైపు చూసింది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. పగలు కూడా ఆయనకు సరైన నిద్ర లేనట్టుంది.

రవీందర్‌కు ఓపిక చచ్చిపోయింది. “ఇగ లాభం లేదు. నష్టమైతె అయింది, రేపే కూలోళ్లను పిలిచి కాయంత కోపిద్దాం. చెట్టుకు కాయే లేకుంటె ఇగ దేనికి పోతడు?”

సంగీత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“కాయ కోసి నెల దాటిందన్నా.”