గంగాధరోళ్లతోని ఆఖరు ఆట

ఆ పొద్దు కొత్త బంతి కొండల్ చేతికి రాలే.

అరవై రెండో సంవత్సరం. మిరుగం కార్తె రేపో మాపో అన్నట్టున్నది. ఒక్క వాన పడితె నాగండ్లు కదులుతయి, ఆడేటోళ్లంత చెల్కల బాట పడుతరు. అందుకే చొప్పదండి జట్టు పక్కూరు గంగాధరోళ్లతోని ఏటా ఆఖరు ఆట ఆ ముందటి ఐతారమే ఆడేది.

ఆరేండ్ల సంది చొప్పదండికి మొదటి బంతి ఏసేది కొండలే. దూరం నుంచి ఉరికొచ్చి ఇడిసిండంటే అవతలోని వికెట్లు లేచి పడేవి.

ఆ పొద్దు మాత్రం బడిపంతులు హనుమండ్లు సారు బంతి తీస్కపోయి ఇస్తారి చేతుల పెట్టిండు. జట్టుకు పెద్ద ఆయననే. ఆయనకు ఎదురు చెప్పేటోడు లేడు.

ఇస్తారి ఊరోడు కాదు. మూడు వారాల కింద బస్సు దిగి, కనకవ్వ ఇంట్ల ముందటి అర్ర కిరాయికి తీసుకున్నడు. నలభై ఏండ్లుంటయి. మంచిర్యాల దిక్కు అన్నడు, గాలి మారితె మంచిదని డాక్టరు చెప్పిండన్నడు. అంతకు మించి చెప్పలే.

రెండోనాడు ఆట కాడ నిలవడి చూసిండు. మూడోనాడు తనను గూడ కలుపుకొమ్మని అడిగిండు.

ఉరుకుడు లేదు. నాలుగడుగులేసి, ఎడమ చేత్తోని మెల్లగ ఇడిసేటోడు. వికెట్ల నడుమ పరిచిన చాప మీద పడ్డ బంతి ఎటు తిరుగుతదో ఆడేటోనికి అంతు చిక్కేది కాదు. ఒక్క ఓవర్ ఏసి పోయి నీడకు కూసునేటోడు. ఆ కూసునుడు చూస్తె కొండల్‌కు ఒళ్లు మండేది. వీడు తనను తాను నవాబు అనుకుంటుండని లోపల తిట్టుకునేటోడు.

హోటల్ కాడ ఇస్తారి ముచ్చటే. మంగలి కాడ ఇస్తారి ముచ్చటే.

ఒకనాడు కొండల్ ఇంటికి పోయెసరికి, అవ్వ బుచ్చవ్వ కొండల్ గిలాసలనే ఇస్తారికి చల్ల పోసిచ్చింది. ఎంత నిమ్మలమైన మనిషో అని ఆయన పోయినంక గూడ మెచ్చుకున్నది. ఆ పూట కొండల్ బువ్వ ముట్టలే.

అది చాలదన్నట్టు ఇస్తారికి కొండల్ సంగతులే కావాలె. చెల్క ఎంతున్నది, అవ్వను ఎవలు చూస్తరు, తాగుడు అలవాటున్నదా అని అడిగేటోడు. వీనికెందుకు నా సంసారం అని కొండల్ సగం జవాబు చెప్పి మొఖం తిప్పుకునేటోడు.

ఇప్పుడు కొత్త బంతి గూడ పాయె.

సారు కొండల్‌ను బౌండరీ గీత కాడికి పంపిండు. ఆడ నిలవడి, ఇస్తారి ఒక్కొక్కన్ని ఇంటికి పంపుతుంటె చూసిండు. వికెట్ పడ్డప్పుడల్ల జనం ఇస్తారి పేరే అరిచిండ్రు. ఆరేండ్లు ఆ అరుపు కొండల్‌ది.

పొద్దు వాలింది. గంగాధరోళ్లకు ఆఖరు వికెట్ మిగిలింది. మూడు పరుగులు కావాలె.

ఇస్తారి బంతి ఏసిండు. అవతలోడు కండ్లు మూసుకొని కొట్టిండు. బంతి పైకి లేచి, సక్కగ కొండల్ మీదికి వచ్చింది.

కొండల్ కదిలే పని గూడ లేదు. చేతులు పట్టిండు. పడితె గెలుపు. గెలిస్తె మళ్ల ఆ పేరే.

బంతి అరచేతులల్ల పడ్డది. వేళ్లు మూయలే.

అది జారి, కాళ్ల నడుమకెళ్లి సున్నం గీత దాటింది.

గంగాధరోళ్లు ఎగిరిండ్రు. హనుమండ్లు సారు బిరబిర వచ్చి, ఆరేండ్లల్ల ఒక్కటి ఇడువనోనివి, ఇయ్యాల ఏమైందని అడిగిండు. కొండల్ నోరు తెరిచెటందుకు ముందే ఇస్తారి వచ్చి పక్కన నిలవడ్డడు. రొప్పుతున్నడు.

"పొద్దు కండ్లల్ల కొట్టింది సారూ. ఎవలకైన జారుతది."

పొద్దు కొండల్ వీపు దిక్కున్నది. ఆ సంగతి ఇద్దరికి తెలుసు.

తెల్లారి మొదటి బస్సుకు ఇస్తారి పోయిండు. సాగదోలెటందుకు ఊరు సగం పోయింది. కొండల్ పోలే. ఛాతి మీదికెళ్లి బండ దిగినట్టయింది అతనికి.

నెల తిరిగినంక బొగ్గుబాయిల కాడికెళ్లి కొండల్ పేరు మీద కాయిదం వచ్చింది. స్టోర్ల నౌకరి ఇస్తం, మా జట్టుకు బంతి ఏయాలె, రమ్మని ఉన్నది. హనుమండ్లు సారు రెండుసార్లు చదివి వినిపిచ్చిండు. అవ్వ ఏడ్చింది.

పోయినేడు పెద్దపల్లి ఆటల ఎవలో తనను చూసి ఉంటరనుకున్నడు కొండల్. బస్సెక్కినంక ఇంకొక మాట గూడ అనుకున్నడు. మంచిగైంది, వీళ్లు ఇస్తారిని చూడలే. చూస్తె వాన్నే పిలిచేటోళ్లు.

బాయి కాడ జట్టు చూసుకునేది రాయమల్లు అనే పెద్దమనిషి. కాయిదం తీసుకొని కొండల్‌ను కింది నుంచి మీది దాక చూసిండు.

"ఎకరంనర చెల్క, ముసలి అవ్వ, తాగుడు లేదు. రాసింది రాసినట్టే ఉన్నవ్."

కొండల్ ఆ కాయిదం దిక్కు చూసిండు. "ఎవలు రాసిండ్రు?"

"మా ఇస్తారి. పదిహేనేండ్లు ఈ జట్టుకు బంతి ఏసిండు. గుండె పాడైంది. ఇగ ఆడితె పానం దక్కదని డాక్టరు శివరాత్రి కాడ్నే చెప్పిండు."

ఇప్పుడు ఏడున్నడని అడిగిండు కొండల్. ఆ మాట తన నోట్లకెళ్లి వచ్చినట్టు లేదు.

పోయిన మంగళారమే గోదారి ఒడ్డున దహనం చేసినమని చెప్పిండు రాయమల్లు. కండ్లు తుడుసుకొని, ఇంకొకటి చెప్పిండు.

"తన జాగల ఆడేటోన్ని తనే ఎతుక్కొస్తనని పోయిండు బిడ్డా, మీ ఆఖరు ఆట అయిన తెల్లారి వచ్చి, నీ పేరు ఒక్కటే రాసిచ్చిండు."